పాత రూపాయి బిళ్ల: అసలా, నకిలీనా, ఏ గ్రేడు?

వరలక్ష్మీ వ్రతం దగ్గర పడితే ప్రొద్దుటూరులో మా వెండి అంగడికి పాత రూపాయి బిళ్లలు వరసగా వస్తాయి. కలశం దగ్గర పెట్టడానికి బీరువాలోంచి తీస్తారు. తీసినాక ఇవి ఎంత చేస్తాయో కనుక్కుందామనిపిస్తుంది. దసరా దాకా ఇదే వరస. జమ్మలమడుగు, మైదుకూరు పల్లెల నుంచి కూడా మూట కట్టుకొని వస్తారు. "అక్కా, ఇవి ఎంతకు పోతాయో చూడు" అని గల్లా బల్ల మీద కుమ్మరిస్తారు. మా నాన్న కాలంలో ఇవన్నీ నేరుగా మూసలోకి పోయేవి. ఇప్పుడు కరిగించే ముందు నేను ఒక్కో బిళ్లనూ చూసి పక్కన పెడతాను. ఎట్లా చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువగా బ్రిటిష్ కాలపు వెండి రూపాయల గురించే చెబుతాను, మన ఇళ్లలో ఉండేవి అవే. రాయల కాలం వరహాలు, టిప్పు పైసలు చివర్లో కొంచెం.

ముందు అంచు

అందరూ మొదట రాణి ముఖం చూస్తారు, తర్వాత సంవత్సరం చూస్తారు. నకిలీ చేసేవాడు కష్టపడేది కూడా ఆ రెండు చోట్లే. నేను బిళ్లను రెండు వేళ్ల మధ్య నిలువుగా పట్టుకొని అంచు చుట్టూ తిప్పి చూస్తాను. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

1835 నుంచి ఐదో జార్జి కాలం దాకా రూపాయి అంచు మీద నిలువు గాట్లు ఉంటాయి. ఒకే ఎడంతో, ఒకే లోతుతో, పదునుగా ఉండాలి. టంకశాలలో బిళ్లను యంత్రంతో అచ్చు కొడతారు. దొంగ బిళ్లల్లో చాలా వాటిని పోత పోస్తారు. పోతకు వాడే అచ్చులో రెండు సగాలుంటాయి కాబట్టి, అవి కలిసిన చోట అంచు చుట్టూ సన్నని గీత పడుతుంది. ఆ గీత పోవాలని ఆకురాయి పెట్టి రుద్దితే గాట్లు ఒకచోట అరిగి, ఒకచోట వంకర పోతాయి. పది రెట్ల భూతద్దంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అదే అద్దంతో రాజు మెడ పక్కనున్న ఖాళీ భాగం కూడా చూడండి. సూది మొనంత గుంటలు, బుడగలు ఉంటే అది పోతే. అసలు బిళ్ల మీద గీతలు, నొక్కులు ఉండొచ్చు కానీ బుడగలు ఉండవు.

1940 నుంచి ఆరో జార్జి రూపాయిలో వెండి సగానికి తగ్గించారు. నకిలీలను ఆపడానికి అంచును కూడా మార్చారు. అంచు మధ్యలో ఒక గాడి నడుస్తుంది, ఆ గాడిలో చిన్న చిన్న గాట్లు ఉంటాయి. 1940 తర్వాతి సంవత్సరం ఉండి అంచు మామూలుగా ఉంటే ఆ బిళ్లను నమ్మొద్దు. 1938 అని ఉండి అంచులో గాడి కనిపించినా అంతే.

మన వైపు అంచులో ఇంకొకటి వెతకాలి: కొండి మచ్చ. సీమలో రూపాయలను దండల్లో గుచ్చారు, పిల్లల మొలతాళ్లకు కట్టారు, ఎద్దుల మెడ పట్టీలకు కూడా వేశారు. తర్వాత కొండి పీకించి, ఆ చోట నునుపు చేయించి మళ్లీ బిళ్లగా అమ్ముతారు. రాజు నెత్తికి సరిగ్గా పైన అంచు దగ్గర వెతకండి. అక్కడ గాట్లు పూడిపోయి, రంగు కొంచెం పసుపుగా లేదా బూడిదగా ఉంటే టంకం పడిందని అర్థం. వెండి అసలుదే, అయినా సేకరణకు దాని విలువ దాదాపు వెండి ధరకు పడిపోతుంది. దండలోంచి తీసిన బిళ్లల్లో ఈ మచ్చ లేనివి నాకు చాలా అరుదుగా దొరుకుతాయి.

కాటా, నీళ్ల గ్లాసు

1835 నుంచి 1939 దాకా వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పాత తులం అంటే ఇదే. మందులూ దినుసులూ "రూపాయి ఎత్తు" అని తూచిన కాలం మా పెద్దమ్మకు ఇంకా గుర్తుంది. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి, మిగతాది రాగి. అంటే శుద్ధ వెండి సుమారు 10.69 గ్రాములు. 1940 తర్వాతి వెండి రూపాయి బరువు అంతే, వెండి మాత్రం 5.83 గ్రాములే. ఇది తెలియక రెండింటినీ ఒకే ధరకు అమ్ముకొని పోయేవాళ్లు చాలామంది.

బాగా అరిగిన బిళ్ల 11.4 దాకా దిగొచ్చు. ముఖం మీద జుట్టు, కిరీటం అన్నీ నిక్కచ్చిగా ఉండి బరువు మాత్రం 10.8 చూపిస్తే ఆ రెండూ పొసగవు. అరుగుదలకూ బరువుకూ లెక్క కుదరాలి. 11.66 కన్నా బాగా ఎక్కువున్నా అనుమానించాల్సిందే.

బరువు సరిగ్గా కుదిరేలా చేసిన నకిలీలు కూడా ఉన్నాయి. వాటికి నీళ్ల పరీక్ష పెట్టాలి. 0.01 గ్రాము చూపే చిన్న కాటా చాలు. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేయండి. బిళ్లకు సన్నని దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా చేత్తో వేలాడదీయండి. బుడగలు అంటుకుంటే ఒకసారి కదిపి దులపండి. ఇప్పుడు కాటా చూపే అంకెతో బిళ్ల మామూలు బరువును భాగించండి. పాత వెండి రూపాయికి 10.3 దగ్గర రావాలి. అంటే 11.66 గ్రాముల బిళ్లకు కాటా 1.13 చూపాలి. 1940 తర్వాతి వాటికి భాగఫలం 9.5 దగ్గర ఉంటుంది. వెండి లేని జర్మన్ సిల్వర్‌తో చేసి పైన వెండి పూత పెట్టిందైతే కాటా 1.35 దాటి చూపిస్తుంది, భాగిస్తే 8.6 దగ్గరికి వస్తుంది. ఈ పరీక్షలో బిళ్లకు చిన్న గీత కూడా పడదు, అందుకే గీటురాయి కన్నా నాకిదే ఇష్టం. సేకరణకు ఉంచుకునే బిళ్లను ఎవరైనా గీటురాయి మీద గీస్తామంటే చేతిలోంచి లాక్కోండి. మా బజారులోనే ఆ అలవాటు ఎక్కువ, చెప్పినా వినరు.

టచ్ (వెండి శాతం) చూసే మెషీన్ ఉంది కదా అంటారు. అది పైపొరను మాత్రమే చదువుతుంది. వెండి పూత మందంగా ఉంటే లోపల ఏముందో దానికి తెలియదు. మెషీన్ కాగితం, నీళ్ల లెక్క రెండూ ఒకే మాట చెబితేనే నమ్మండి.

అయస్కాంతం విషయంలో చిన్న మెలిక ఉంది. వెండి రూపాయి అయస్కాంతానికి అంటదు, అంటితే దొంగదే. కానీ 1947 సంవత్సరపు రూపాయిలు నికెల్‌వి, అవి టక్కున అంటుకోవాలి. వెనకవైపు పులి నడుస్తున్న ఆ 1947 రూపాయిని వెండిదనుకొని దాచుకున్నవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు. అది అయస్కాంతానికి అంటిందని నకిలీ అనుకోవద్దు, అంటకపోతేనే అనుమానించాలి.

శబ్దం వినడం పాత సరాఫుల పద్ధతి. వేలి కొన మీద బిళ్లను నిలిపి ఇంకో నాణెంతో మెల్లగా తట్టండి. వెండి ఖంగుమని మోగి, ఆ నాదం కాసేపు నిలుస్తుంది. పోత బిళ్ల డప్ అంటుంది. బండ మీద వేసి వినడం మాత్రం వద్దు, అంచు నొక్కుకుపోతుంది. పగులున్న అసలు బిళ్ల కూడా డప్ అంటుంది కాబట్టి, ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి.

సంవత్సరం మీద జరిగే దొంగతనం

మామూలు సంవత్సరాల రూపాయికి నకిలీ చేసినా గిట్టుబాటు తక్కువ. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయి ఏదో అపురూపం అనుకుంటారు. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొట్టారు, అందుకే అవి కుప్పలుగా ఉన్నాయి. వాటిలో ఆసక్తి ఉన్నవాళ్లు వెనకవైపున్న చుక్కలను లెక్కపెట్టి రకాలు విడదీస్తారు. 1917 నుంచి 1920 దాకా ఉన్న ఐదో జార్జి బిళ్లలూ అంతే, సీమలో ప్రతి మూటలోనూ ఉంటాయి.

అసలు ఆట 1911, 1939 బిళ్లల మీదే. 1911లో ఐదో జార్జి అంగీ మీదున్న హారంలో ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం పొట్టిగా ఉండి అది పందిలా కనిపించిందని జనం మండిపడ్డారు. ప్రభుత్వం ఆ రూపాయల్లో ఎక్కువ భాగాన్ని వెనక్కి తీసుకొని కరిగించింది. 1912 నుంచి ఏనుగును మార్చి, తొండం పొడుగ్గా చెక్కారు. కాబట్టి 1911 అని చెప్పి ఎవరైనా "పంది రూపాయి" అమ్మితే అంకె కన్నా ముందు ఏనుగును చూడండి. పొడుగు తొండం ఏనుగు ఉండి 1911 అని ఉంటే ఎవరో చివరి అంకెను చెక్కారన్నమాట.

1939 వెండి రూపాయి చాలా అరుదు. దాన్ని 1938 నుంచి తయారు చేస్తారు: 8లో కింది సున్నాను కోసి 9 తోక చేస్తారు. భూతద్దంలో ఆ అంకె చుట్టూ నేల చూడండి. గీసిన జాడ, కొంచెం పల్లం, పక్కనున్న 3 కన్నా వేరే మెరుపు కనిపిస్తాయి. 9 తోక మందం మొదటి 9 తోక మందంతో సరిపోవాలి. నిజమైన 1939 బిళ్ల పెద్ద ఫొటోను ఏదైనా వేలం కేటలాగులో చూసి, అంకెల మధ్య ఎడం పోల్చండి. నా వరకు చెప్పాలంటే, సర్టిఫికెట్ లేని 1939 రూపాయికి వెండి ధర మించి పైసా ఇవ్వను.

గ్రేడు

బిళ్ల అసలుదని తేలాకే గ్రేడు, అంటే అది ఎంత అరిగిందో చెప్పే మెట్టు. 1949లో అమెరికాలో విలియం షెల్డన్ పాత సెంటు నాణేల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. 1986లో మొదలైన పీసీజీఎస్, ఆ మరుసటి ఏడు వచ్చిన ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు అదే కొలతతో ప్రపంచంలోని నాణేలన్నిటికీ అంకె వేస్తున్నాయి. గుడ్ దాదాపు అడుగు మెట్టు, 4 నుంచి 6 దాకా. ఫైన్ 12 నుంచి 15, వెరీ ఫైన్ 20 నుంచి 35, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ 40, 45. 50 నుంచి 58 దాకా దాదాపు వాడనివి. 60, ఆ పైన చెలామణిలోకి రానివి.

మీరు ఇంట్లో అంకె వేయక్కర్లేదు, మెట్టు తెలిస్తే చాలు. కిటికీ వెలుతురులో కాదు, ఒకే దీపం కింద చూడండి. బిళ్లను మెల్లగా వంచుతూ తిప్పండి. కొత్త బిళ్ల మీద వెలుగు బండి చక్రంలా చుట్టూ తిరుగుతుంది. అరిగిన చోట ఆ తిరుగుడు తెగిపోయి మసకగా, బూడిద రంగులో మచ్చ కనిపిస్తుంది. అరుగుదల మొదలయ్యేది ఎత్తైన చోట్లలోనే కాబట్టి, ఎక్కడ చూడాలో ముందే తెలియాలి.

విక్టోరియా అయితే చెవి మీది జుట్టు, చెంప, జాకెట్టు మీది కుట్టుపని. జాకెట్టు పూలు విడివిడిగా కనిపిస్తే ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ దాకా ఆశపడొచ్చు. పూలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి జుట్టు పాయలు మాత్రం మిగిలితే వెరీ ఫైన్. జుట్టు ఒక ముద్దలా కనిపిస్తే ఫైన్ లేదా ఇంకా కింద. ఏడో ఎడ్వర్డు తలమీద కిరీటం లేదు, కాబట్టి కనుబొమ, చెవి పైన జుట్టు చూసి, వెనక్కి తిప్పి అక్కడున్న కిరీటంలో ముత్యాలు చూడండి. ఐదో జార్జికి కిరీటం పట్టీలోని రాళ్లు, మీసం, అంగీ మీది ఏనుగు.

ఒక చిక్కు ఉంది. కొన్ని బిళ్లలు టంకశాలలోనే సరిగ్గా అచ్చు పడలేదు. అవి మొదటి రోజు నుంచే ముఖం మసకగా ఉన్నాయి. మసకగా ఉన్న చోట కూడా మెరుపు పారుతుంటే అది అచ్చు లోపం. మెరుపు లేకపోతే అరుగుదల. ధరలో ఈ తేడా చాలా పెద్దది, అమ్మేవాడు దీన్నే వాడుకుంటాడు.

ఇక గ్రేడును మన చేతులతో మనమే చంపేది తోమడంతో. చింతపండు, పీతాంబరి, విబూది, పళ్ల పేస్టు: పూజకు ముందు ఇవన్నీ వేసి తళతళలాడేలా రుద్దుతారు. ఆ రుద్దుడుకు వెంట్రుకంత గీతలు వేలకొద్దీ ఒకే దిక్కున పడతాయి. గ్రేడింగ్ కంపెనీలు అట్లాంటి బిళ్లకు అంకె వేయవు, "శుభ్రం చేశారు" అని రాసి పంపుతాయి. వందేళ్లలో నల్లగా, నీలంగా పట్టిన పొర ఉంటే దాన్ని ఉంచుకోవడమే లాభం. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు పోవాలంటే స్వచ్ఛమైన ఎసిటోన్ గాజు గిన్నెలో పోసి బిళ్లను ముంచి తీయండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో వేరే మందులు కలుపుతారు. కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యి దగ్గర అసలు వద్దు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి. తుడవొద్దు. రాగి నాణేలకు పచ్చ చిలుము పట్టి ఉంటే మీరు ముట్టుకోకుండా తెలిసినవాళ్లకు చూపించండి. ఒక్క చోట మాత్రం నాకు జనం మీద జాలి వేస్తుంది: 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లుకాణీ. మధ్యలో బెజ్జం ఉందని పాడైపోయిందనుకొని పారేస్తారు. ఆ బెజ్జం టంకశాల పెట్టిందే.

అంకెతో ప్లాస్టిక్ పెట్టెలో వచ్చిన బిళ్ల కొంటున్నా ఊరుకోవద్దు, ఆ పెట్టెలకూ నకిలీలున్నాయి. పెట్టె మీది నంబరును ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోలో ఉన్న గీతలు, మచ్చలు మీ చేతిలో ఉన్నదానితో కలుస్తాయో చూడండి.

గుత్తి, పెనుకొండ వైపు దొరికేవి

టిప్పు సుల్తాన్ కాలంలో గుత్తికి ఫైజ్ హిసార్ అనీ, మదనపల్లె వైపున్న గుర్రంకొండకు జఫరాబాద్ అనీ పేర్లు. రెండు చోట్లా టంకశాలలుండేవి. ఏనుగు బొమ్మ ఉన్న రాగి పైస మీద ఆ పేర్లు పారసీలో ఉంటాయి. తర్వాతి రోజుల్లో ఆయన వాడిన మౌలూది శకంలో సంవత్సరపు అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇవి చేత్తో కొట్టినవి. అచ్చు కన్నా బిళ్ల చిన్నదిగా ఉండేది కాబట్టి అక్షరాల్లో కొంత భాగం అంచు దాటి పోతుంది. నాలుగు వైపులా అక్షరాలు పూర్తిగా, చుట్టూ చక్కని గుండ్రంతో ఉన్న టిప్పు పైసను చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

విజయనగర వరహా సుమారు 3.4 గ్రాములు, అర వరహా 1.7. కృష్ణదేవరాయల వరహా మీద కూర్చున్న బాలకృష్ణుడు, వెనక నాగరి లిపిలో "శ్రీ ప్రతాప కృష్ణరాయ" అని ఉంటుంది. తళ్లికోట తర్వాత రాజధాని పెనుకొండకు మారాక, వేంకటపతి కాలం నాణేల మీద వేంకటేశ్వరుడు వస్తాడు. బంగారం కాబట్టి వీటికి నకిలీలు చాలా ఎక్కువ, చేసేవాళ్లు అసలు బంగారంతోనే చేస్తారు. అందుకే ఇక్కడ బరువు, నీళ్ల లెక్క సరిపోవు. అక్షరాల తీరు తెలియాలి. కొనే ముందు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనో, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలోనో నిజమైనవి కళ్లారా చూడండి.

జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరికి వజ్రాల కోసం తిరిగేవాళ్లకు ఒక్కోసారి నాణెం దొరుకుతుంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దాన్ని మీరు విదేశాలకు పంపలేరు. దొరికినదాన్ని అర్ధరాత్రి మా అంగడి తలుపు తట్టి తెస్తే నేను కొనను.

అసలు చూడనే వద్దనేవి

ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818 లాంటి సంవత్సరం, ముందు హనుమంతుడో రామ పట్టాభిషేకమో ఉన్న రాగి బిళ్లలు. కంపెనీ అట్లాంటి నాణేలు ఎప్పుడూ కొట్టలేదు. వీటినే బియ్యాన్ని లాక్కుంటాయని చెప్పి "రైస్ పుల్లర్" పేరుతో లక్షలకు అంటగడతారు. రాగి బియ్యాన్ని లాగదు. ముందే ఇనుప పొడి పట్టించిన గింజలను అయస్కాంతం లాగుతుంది. 2012లో వచ్చిన వైష్ణోదేవి ఐదు, పది రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తామని ఫోన్ చేసి, ముందు కమిషన్ కట్టమనేవాళ్లు కూడా ఇదే బాపతు. ఇట్లాంటి అమ్మకాలకు తన పేరు వాడుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021లో జనాన్ని హెచ్చరించింది.

దాచుకోవడం

మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ ఆల్బములు వాడొద్దు. అందులోని పీవీసీ కొన్నేళ్లకు బిళ్ల మీద పచ్చని జిగురు తెస్తుంది. గట్టి మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) జేబులున్న అట్ట హోల్డర్లు నాణేల అంగళ్లలో దొరుకుతాయి, ఒక్కో బిళ్లకు ఒకటి. బిళ్లను ఎప్పుడూ అంచు పట్టుకొనే ఎత్తండి, ముఖం మీద బొటనవేలు పెడితే ఆ ముద్ర కొన్నాళ్లకు నల్లగా తేలుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. కట్ట కట్టడానికి రబ్బరు బ్యాండు మాత్రం వాడొద్దు, రబ్బరులోని గంధకం వెండికి నల్లని చార వేస్తుంది.